చక్రం మీద సీటు

"చాయ్ తొణికిందా?" అని అడిగాడు ముసలాయన.

నాగేందర్‌కు ముందు అర్థం కాలేదు. చేతిలో గ్లాసు వైపు చూసుకున్నాడు. చిక్కడపల్లి లైబ్రరీ గేటు పక్కన డబ్బా కొట్టులో అప్పుడే తీసుకున్న చాయ్ అది. అంచుదాకా నిండుగానే ఉంది.

"ఇది కాదు బాబూ, రైల్లో చాయ్. మీ ఊరినుంచి వచ్చేటప్పుడు బండిలో తాగానన్నావుగా, అది. ఎప్పుడు తొణికింది? బండి కదిలేటప్పుడా, వేగం అందుకున్నాకా?"

"యాది లేదు సార్."

"పోనీ, నువ్వు కూర్చుంది తలుపు దగ్గరా, మధ్యలోనా?"

"తలుపు కాడ. బాత్రూం పక్కకు."

"అయితే చక్రం మీదే." ముసలాయన ముఖం వెలిగింది. "ఇంజను వెనక బోగీనా, చిట్టచివరిదా?"

ఇలా అడుగుతూనే రాసుకుంటున్నాడు. ఖాకీ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. ప్రతి పేజీలోనూ స్కేలు పెట్టి గీసిన నిలువు గడులు. పెన్సిలు మొన అరిగినప్పుడల్లా జేబులోంచి సగం బ్లేడు తీసి, పొట్టును కాగితం ముక్కలో పట్టి, మడిచి మళ్ళీ జేబులోనే వేసుకుంటాడు. పేరు జగన్నాథరావు. డెబ్బై దాటి ఉంటాయి. ముంజేతి గుండీ దాకా పెట్టుకున్న తెల్ల చొక్కా, నడుముకు చొక్కా కింద వెడల్పాటి బెల్టు. కూర్చునే ముందు బెంచీని అరచేత్తో రెండుసార్లు నొక్కి చూస్తాడు. రైల్వేలో పనిచేశానని చెప్పాడు. రైల్వేలో ఏం పని అంటే మాత్రం, "పెట్టెల పని" అనేవాడు. అంతకంటే అడిగిన వాళ్ళూ లేరు.

రెండు వారాలుగా ఆయన లైబ్రరీకి వచ్చే ఊళ్ళ పిల్లల్ని ఒక్కొక్కరినే పట్టుకుంటున్నాడు. బస్సులో వచ్చామన్న వాళ్ళను వదిలేస్తాడు. రిజర్వేషన్‌లో వచ్చామన్నా వదిలేస్తాడు. జనరల్ బోగీలో వచ్చామన్న వాళ్ళ దగ్గర మాత్రం కూర్చుని పుస్తకం తెరుస్తాడు.

"ఏ రోజు వచ్చావు?" అన్నాడు పెన్సిలు తేదీ గడి మీద పెట్టి.

"దసరా అయినంక రెండో ఆదివారం," అనేశాడు నాగేందర్.

అలా ఎందుకన్నాడో తర్వాత ఎంత తల బద్దలు కొట్టుకున్నా అతనికి తెలియలేదు. అతను వచ్చింది ఆ మరుసటి గురువారం. కానీ మనిషి ఏ సంగతి దాచాలని రాత్రింబవళ్ళు నలిగిపోతాడో, అదే ముందు నోట్లోంచి జారుతుంది. నెల రోజులుగా ఆ ఆదివారమే అతని గొంతులో ముల్లులా అడ్డం పడి ఉంది మరి.

ముసలాయన పెన్సిలు కదలలేదు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"ఆ ఆదివారం మీ లైన్‌లో బండి నడవలేదే బాబూ. పట్టాల మీద జనం కూర్చున్నారుగా."

నాగేందర్ చేతిలో చాయ్ అప్పుడు తొణికింది.

"అయితే వేరే రోజు కావచ్చు సార్."

జగన్నాథరావు "సరే," అని పుస్తకం మూశాడు. ఇంకో ప్రశ్న వేసినా బాగుండేది. ఆ ఒక్క 'సరే' నాగేందర్‌ను రోజంతా కూర్చోనివ్వలేదు, చదవనివ్వలేదు.

ఆ ఆదివారం నాగేందర్ పొత్కపల్లి స్టేషన్ అవతల పట్టాల మీద ఉన్నాడు. అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. ఊరు ఊరంతా కదిలితే తనూ కదిలాడు. పొద్దున్నించి పొద్దుగూకేదాకా కంకర మీద కూర్చున్నాడు, సద్ది తిన్నాడు, పాటలు పాడాడు. మధ్యాహ్నం ఒక కానిస్టేబులు చిన్న కెమెరా పట్టుకుని వరసగా అందరి ముఖాలూ తీసుకుంటూ వెళ్ళాడు. కెమెరా తన దాకా వచ్చినప్పుడు నాగేందర్ తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెట్టుకునేలోపే తీశాడో, తర్వాత తీశాడో ఆ పైవాడికే ఎరుక. సమ్మె ముగిసిన వారానికి జూనియర్ అసిస్టెంట్ పోస్టుల జాబితాలో అతని పేరు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళకు, మూడో ప్రయత్నంలో. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్. రైల్వే కేసు ఒక్కటి పేరు మీద ఉంటే చాలు, జాబితాలో పేరు ఉన్నా లేనట్టే.

అశోక్‌నగర్ హాస్టల్ గదిలో ఈ మాట విన్న బీరయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. బీరయ్యది నాగేందర్ పక్క ఊరు. గ్రూప్-టూకి చదువుతున్నాడు. గొంతు పెద్దది, భయం చిన్నది.

"ఇంకేం కావాలె నీకు? మఫ్టీ," అన్నాడు.

"డెబ్బయ్యేండ్ల ముసలోడు మఫ్టీ ఏందిరా?"

"రిటైరైనోళ్ళనే పెడ్తరు. ఎవ్వరికీ డౌట్ రాదు. నువ్వే ఆలోచించు. బస్సుల వచ్చినోన్ని అడగడు, రైల్ల వచ్చినోన్నే అడుగుతడు. ఏ తారీకు, ఏ బోగీ, ఏడ కూసున్నవ్. చాయ్ ముచ్చట ఉత్తగ, మాట కలపనీకి."

"గట్ల ఎందుకనుకోవాలె? రైల్వేల చేసిండట."

"నేను అనేది అదే కదనే. రైల్వేల చేసినోడు రైల్వే కేసుల కోసమే తిరుగుతడు. మఫ్టీల ఉన్నోడు మఫ్టీల ఉన్ననని చెప్తడా?"

ఈ తర్కానికి తిరుగులేదు. అనుమానంతో వచ్చిన చిక్కే అది. కాదన్న ప్రతి మాటా అవునన్న దానికే సాక్ష్యం చెబుతుంది. ఆయన నవ్వితే మచ్చిక చేసుకోవడానికి, నవ్వకపోతే లోపలేదో ఉన్నందుకు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం లోకంలో ఉన్నదే. నాగేందర్ మాత్రం ఎవరూ ఏమీ అనకముందే తడుముకుంటున్నాడు.

మర్నాడు మంగళవారం. జగన్నాథరావు పదకొండింటికి పుస్తకం సంచీలో పెట్టుకుని లైబ్రరీ దాటాడు. నాగేందర్ వెనకాలే బయల్దేరాడు. ఆయన నడక చాలా నెమ్మది. కాలు వేసే ముందు నేలను తడిమినట్టు వేస్తాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర బస్సులు దూసుకుపోతుంటే రోడ్డు దాటడానికి పావుగంట పట్టింది. నారాయణగూడ వైపు తిరిగాక ఒక మందుల షాపు మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ నడుముకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అవతల వైపు జ్యూస్ బండి పక్కన నిలబడ్డ నాగేందర్‌కు అదీ అనుమానంగానే తోచింది. ఎవరికోసమో ఆగాడనుకున్నాడు. ఎవరూ రాలేదు. ముసలాయన లేచి, పోస్టాఫీసులోకి వెళ్ళాడు.

లోపల బల్ల మీద జిగురు డబ్బా దగ్గర నిలబడి లావాటి కవరుకు స్టాంపులు అంటిస్తున్నాడు. ఒక్కో స్టాంపూ అంటించి, చుట్టూ చేతి రుమాలుతో అద్దుతున్నాడు. నాగేందర్ ఏదో ఫారం కావాలన్నట్టు పక్కకు జరిగి తొంగిచూశాడు. అడ్రసులో పైమాట ఒక్కటే కనిపించింది, రైల్వే అని. మిగతాదంతా ముసలాయన అరచెయ్యి కింద ఉంది.

అంతలో ఆయన తల తిప్పాడు.

"నువ్వా బాబూ. ఏమిటిలా వచ్చావు, వెరిఫికేషన్ కాగితాలు పంపడానికా?"

వెరిఫికేషన్ సంగతి ఈయనకెలా తెలిసింది? ఏదో గొణిగి బయటపడ్డాడు. మొదటి రోజు బెంచీ మీద, ఉద్యోగం వచ్చిందన్న సంబరం కొద్దీ తనే ఈ ముసలాయనకు చెప్పుకున్నాడు. ఆ సంగతి అతనికి గుర్తుకు రాలేదు. వచ్చిందనుకున్నా, అలా నమ్మించి చెప్పించుకున్నాడనే అనుకునేవాడు.

హాస్టల్‌కు వచ్చి బీరయ్యకు చెప్పాడు. "కవర్ పోయింది. పేర్లు పోయినయ్. నా పేరు గూడ పోయి ఉంటది," అన్నాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం ఖాయమని ఇంటిదగ్గర అమ్మ ఊరంతా చెప్పుకుంది.

"కవర్ పోతే పోయింది. అసలు పుస్తకం ఆయన తాననే ఉన్నది కదా," అన్నాడు బీరయ్య. "రేపు నేను అడుగుత."

బుధవారం పొద్దున బీరయ్య, అతనితో ఇంకో ముగ్గురు చాయ్ డబ్బా దగ్గర కాపు కాశారు. నాగేందర్ వాళ్ళ వెనక నిలబడ్డాడు. జగన్నాథరావు ఎప్పటిలాగే వచ్చి, బెంచీని అరచేత్తో నొక్కి కూర్చోబోయాడు.

"ఏం పెద్దమనిషీ, నిన్ను ఎవరు పంపిన్రు?" అన్నాడు బీరయ్య.

"ఎవరూ పంపలేదు బాబూ."

"మరి ఏం రాస్తున్నవ్? పోరగాండ్ల పేర్లు రాసి ఎవరికిస్తున్నవ్?"

"పేర్లా? పేర్లు నాకెందుకు? నేను రాసేది కుదుపులు."

ఎవడో పకపకా నవ్వాడు. "కుదుపులట," అన్నాడు ఇంకొకడు. బీరయ్య చెయ్యి చాచి సంచీలోంచి పుస్తకం లాగేశాడు. జగన్నాథరావు గుంజుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, పసిపిల్లను ఇమ్మని అడిగినట్టు అడిగాడు.

"అది ఇచ్చెయ్యండి బాబూ. దానికి ఇంకో ప్రతి లేదు. ఏడేళ్ళనించి రాస్తున్నాను."

"ఏడేండ్ల సంది గిదే పనా?" అన్నాడు బీరయ్య. పుస్తకం అందకుండా వెనక్కి తిప్పి నాగేందర్ చేతిలో పెట్టాడు. ఆ తోపులాటలో ఎవరి మోచెయ్యో తగిలి ముసలాయన కళ్ళద్దాలు కింద పడ్డాయి.

అవి నాగేందర్ కాళ్ళ దగ్గరే పడ్డాయి. అడుగు దూరం కూడా లేదు. జగన్నాథరావు వాటికోసం వంగబోయాడు. నడుము సగం దాకా వంగి అక్కడే ఆగిపోయింది. కిందికీ పోదు, పైకీ రాదు. ముఖమంతా చెమట పట్టింది. ఒక చెయ్యి బెంచీ కోసం గాలిలో వెతుకుతోంది. కళ్ళద్దాలు లేని ఆ కళ్ళు పైకెత్తి ఎదుటివాళ్ళను చూస్తున్నాయి గానీ, ఏ ముఖమూ ఆనుతున్నట్టు లేదు. నాగేందర్ వంగితే చాలు. వంగలేదు. వంగితే తన ముఖం ఆయనకు దగ్గరగా కనబడుతుందని భయపడ్డాడు. పుస్తకం చొక్కా కింద దోపుకుని ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏం పిల్లలురా మీరు? చదువుకుంటున్నరా, దొంగతనాలు నేర్సుకుంటున్నరా?" అని వాచ్‌మన్ పోచయ్య గేటులోంచి పరుగెత్తుకొచ్చాడు. కళ్ళద్దాలు తీసి ముసలాయన చేతికిచ్చి, చంకల కింద చేతులు వేసి నిలబెట్టాడు. పిల్లలు నలుగురూ నాలుగు దిక్కులకు పోయారు. నాగేందర్ అశోక్‌నగర్ దాకా ఎక్కడా ఆగలేదు.

పుస్తకాన్ని కాల్చేద్దామన్నాడు బీరయ్య. చూసి కాల్చేద్దామన్నాడు నాగేందర్. గురువారం పొద్దున బీరయ్య కోచింగుకు వెళ్ళాక, డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని తెరిచాడు. ముందుగా తన పేరు కోసం వెతికాడు. లేదు. ఎవరి పేరూ లేదు. గడుల పైన వరసగా తేదీ, బండి, బోగీ ఎక్కడ, సీటు ఎక్కడ, చాయ్, నిద్ర, ఒళ్ళు అని ఉంది. కింద ముత్యాల్లాంటి అక్షరాలు.

'విద్యార్థి. చివరి బోగీ, చక్రం మీద. చాయ్ సగం పోయింది. కాజీపేట దాటాక నిలబడి వచ్చాడు. కూర్చోవడం కంటే నిలబడితేనే నయమన్నాడు.'

'బాలింత. తలుపు పక్క. పాపను ఒళ్ళో పెట్టుకోలేక చేతుల మీదే పట్టుకుంది. ఒళ్ళో పెడితే కుదుపుకు ఎగిరిపడుతోందట.'

'కూలిమనిషి. నేలమీద. నిద్ర పట్టిందన్నాడు. అలసటకు పట్టిన నిద్రను సౌకర్యం కింద వెయ్యకూడదు.'

రెండు వందల పైచిలుకు మనుషులు. స్టేషన్లలో, ఆసుపత్రి వరండాల్లో, ఇప్పుడు లైబ్రరీలో అడిగి రాసుకున్నవి. ఆఖరి పేజీలో ఒక వరస అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన చిన్నగా రాసుంది: 'ఈ అబ్బాయి చెప్పిన తేదీ కుదరలేదు. దేనికో భయపడుతున్నాడు. మళ్ళీ అడగకూడదు. కొట్టివేశాను.'

నాగేందర్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. మొన్నటి 'సరే'కు అర్థం ఇదన్నమాట. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంతలోనే, ఇదీ నాటకమేమో, పట్టుబడితే చూపించడానికే ఇలా రాసుకున్నాడేమో అనిపించింది. అనుమానం అంత తేలిగ్గా చేతులు దులుపుకుని పోదు. మొదటి పేజీకి తిప్పాడు.

'నా పని ప్రయాణికుల పెట్టెల్లో ఊపు కొలవడం. మా నాన్నగారి రోజుల్లో పెట్టె కర్రది, బల్ల కర్రది. గిలక్కాయలో గింజలా మనిషి లోపల ఆడేవాడు. తర్వాత ఉక్కు పెట్టె వచ్చింది, స్ప్రింగుల్లో నూనె వచ్చింది, బల్ల మీదికి నురగ దిండు వచ్చింది. ఇప్పుడు జర్మనీ నమూనా పెట్టెలు వస్తున్నాయి. వేగంలో ఊపు బాగా తక్కువ, కదిలేటప్పుడు మాత్రం గుంజుతుందంటున్నారు. నేను ఎక్కి చూడలేదు. నా వెన్ను ఇక ఏ బండికీ పనికిరాదన్నారు డాక్టర్లు. ఏ మార్పయినా బండి నడుమన మొదలవుతుంది. చివరి బోగీకి చేరేసరికి ముసలిదైపోతుంది.

'1986 వేసవిలో ఒక బండికి నాలుగు చోట్ల కొలత తీయమన్నారు. ఊపు కొలిచే చిన్న యంత్రాన్ని చక్రాలకు సరిగ్గా పైన, నేలమీద పెట్టి, అది గీతలు గీసిన కాగితం చుట్ట తీయాలి. మూడు చోట్ల తీశాను. జనరల్ బోగీలో నేలమీద చోటు లేదు, మనుషులున్నారు. నేను ఎక్కలేదు. స్లీపరు అంకెనే కాస్త పెంచి నాలుగో గడిలో వేశాను. ప్రయాణం సౌకర్యంగా ఉందని రాసి సంతకం పెట్టాను. నా సంతకాన్ని నమ్మకపోవడానికి పైవాళ్ళకు కారణమేముంది? ఆ బోగీ ఆ స్ప్రింగుల మీదే ఇంకా చాలా ఏళ్ళు తిరిగింది. నాలుగో గడి ఇప్పుడు నింపుతున్నాను. యంత్రం లేదు కాబట్టి మనుషుల్నే అడుగుతున్నాను. ఇదంతా శుభ్రంగా రాసి పైకి పంపిస్తానని ఉత్తరం పెట్టాలి. పంపేటప్పుడు ఆ సంతకం సంగతి కూడా రాయాలి.'

నాగేందర్ పుస్తకం మూసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఏడేళ్ళుగా తనూ అలాంటి జనరల్ బోగీలోనే తిరుగుతున్నాడు. తలుపు దగ్గర కూర్చుంటే పళ్ళు టకటక కొట్టుకోవడం, దిగాక గంటదాకా కాళ్ళలో జుమ్ముమనడం అతనికి తెలుసు. రైలంటే గంతే అనుకున్నాడు. అది ఒకరు కొలవాల్సిన సంగతని, ఒక మనిషి కొలవనందుకు బాధపడతాడని ఊహలో కూడా లేదు.

శుక్రవారం పొద్దున లైబ్రరీ గేటు దగ్గరికి వెళ్ళాడు. పోచయ్య అతన్ని చూడగానే స్టూలు మీదనుంచి లేచాడు.

"మళ్ళ వచ్చినవా? నేనే ఫోన్ జేసిన స్టేషన్‌కు. నిన్న ఎస్సై సారు ఆయన ఇంటికి పోయిండు. ఎవరెవరున్నరని అడిగి రాసుకున్నడంట."

నాగేందర్ ఆయన ఇల్లు ఎక్కడని అడిగాడు. పోచయ్య ఎగాదిగా చూసి, చివరికి చెప్పాడు. పుస్తకం ఇవ్వడానికి వెళుతున్నాడో, ముసలాయన పోలీసులకు ఏం చెప్పాడో తెలుసుకోవడానికి వెళుతున్నాడో నాగేందర్‌కే తెలియదు. రెండూ కలిసే అతన్ని చిక్కడపల్లి సందుల్లోకి తోసుకుపోయాయి.

పాత మేడ, ఇరుకు మెట్లు. తలుపు గొలుసు వేసే ఉంది. సందులోంచి ఒక పెద్దావిడ ముఖం కనిపించింది. జగన్నాథరావు భార్య రత్నమాల.

"ఎవరు నువ్వు?"

"సార్‌ను కలవాలె అమ్మా."

"ఏ ఊరు మీది? ఎవరు పంపారు?"

మొన్న బీరయ్య అడిగిన ప్రశ్నే. "ఎవ్వరు పంపలేదమ్మా," అన్నాడు. ఆ మాట తన చెవులకే నమ్మేట్టుగా లేదు.

"సంచీలో ఏముంది? తెరిచి చూపించు."

తెరిచాడు. ఖాకీ అట్ట చూడగానే ఆవిడ గొలుసు తీసింది గానీ గుమ్మంలోంచి కదలలేదు.

"యాభై ఏళ్ళయింది బాబూ మేం ఈ ఊరొచ్చి. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే చదివారు. ఈ వయసులో ఆయన్ని దొంగను చేసి రోడ్డు మీద నిలబెట్టారు. డాక్టర్లు వంగకూడదన్న మనిషి వంగాడు. ఇప్పుడు పక్కమీంచి లేవలేడు. చూస్తావా, రా."

ముందు గదిలో పరుపు లేని చెక్క మంచం మీద జగన్నాథరావు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మోకాళ్ళ కింద రెండు దిళ్ళు. తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి చూశాడు.

"తేదీ తప్పు చెప్పిన అబ్బాయివి," అన్నాడు.

నాగేందర్ పుస్తకం తీసి మంచం అంచున పెట్టాడు. "తప్పయింది సార్. మిమ్ములను పోలీసోళ్ళ మనిషి అనుకున్న. ఆ ఆదివారం నేను పట్టాల మీదనే ఉన్న. మీరు నన్ను పట్టిస్తరని భయమైంది. మొత్తం చదివిన సార్."

ముసలాయన చెయ్యి పుస్తకం మీదికి వెళ్ళింది. అట్టను ఒకసారి తడిమింది. తర్వాత దాన్ని మెల్లగా నాగేందర్ వైపే జరిపింది.

"ఇది నేను తీసుకోలేను బాబూ."

"ఎందుకు సార్?"

"నిన్న ఎస్సై వచ్చాడు. మంచివాడే. ఎవరు లాక్కున్నారు, గుర్తుపడతారా అన్నాడు. నాలుగు ఫోటోలు కూడా తెచ్చాడు, మీ సమ్మె నాటివి, రైల్వే పోలీసులు వెతకమని పంపినవట. ఒకదాంట్లో నువ్వున్నావు. తువ్వాల గడ్డం దాకే వచ్చింది."

"మీరేం చెప్పిన్రు సార్?" అన్నాడు నాగేందర్.

"కళ్ళద్దాలు లేవు కాబట్టి ఎవర్నీ చూడలేదన్నాను. అంతటితో వదల్లేదు. పుస్తకంలో ఏముందన్నాడు. పుస్తకం పోయిందంటే కేసు రాయాలి. కేసు రాస్తే మీ ఐదుగుర్నీ వెతకాలి. అందుకని పుస్తకమే లేదన్నాను. నా దగ్గర ఎవరూ ఏమీ లాక్కోలేదు, నేనెప్పుడూ ఏ పుస్తకమూ రాయలేదు అని కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాను. ఇక దీన్ని ఇంట్లో ఎలా పెట్టుకోను? పోస్టులో వేసిన ఉత్తరానికి జవాబొచ్చినా, పంపడానికి నా దగ్గరేముంది?"

"ఏడేళ్ళు," అంది రత్నమాల గుమ్మంలోంచి. "చూపించండి ఆ ఫోటో, వాడి ఖర్మ వాడు పడతాడు అన్నాను. వినలేదు."

"వాడికి వెరిఫికేషన్ ఉంది రత్నా," అన్నాడాయన.

కింద సందులో కూరల బండివాడు అరుచుకుంటూ పోయాడు. నాగేందర్ ఏడుస్తూ నేలమీద కూర్చున్నాడు. కాసేపటికి ముఖం తుడుచుకుని, "నేను రాస్త సార్. ఊరికి పోయినప్పుడల్ల జనరల్ బోగీలనే పోత. అందరిని అడిగి రాస్త. నా పేరు మీదనే పంపిస్త," అన్నాడు.

జగన్నాథరావు పైకప్పు వైపు చూస్తూ అన్నాడు: "నువ్వు నిజం రాస్తావని నాకేం నమ్మకం? నన్ను చూస్తే నీకు నమ్మకం కుదరలేదు, నాకు మాత్రం ఎలా కుదురుతుంది? తీసుకెళ్ళు. ఒక్కటే చెబుతున్నా. చక్రం మీద సీట్లో కూర్చోకుండా ఒక్క గడి కూడా నింపకు."

"నింప సార్."

"ఇక వెళ్ళు, ఆయన్ని పడుకోనివ్వు," అని రత్నమాల తలుపు వైపు చూపించింది. కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ ఆవిడకు లేదు. నాగేందర్ పుస్తకం సంచీలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఇంత చేసిన మనిషికి ఇవ్వడానికి తన దగ్గర ఒక్కటే ఉంది. నెల రోజులుగా ఎవరికీ అందకుండా దాచుకున్నది కూడా అదే.

"సార్, నా పేరు..."

జగన్నాథరావు చెయ్యి పైకి లేచింది. నొప్పికి ముఖం ముడుచుకుపోయింది గానీ చెయ్యి దించలేదు.

"చెప్పకు," అన్నాడు. "వాళ్ళు మళ్ళీ వచ్చి అడిగితే, తెలియదని చెప్పాలి నేను. ఆ ఒక్క మాటన్నా నిజం కావాలి."

నాగేందర్ గడప దాటాడు. రత్నమాల తలుపు వేసి గొలుసు పెట్టింది. అతను మెట్లు దిగాడు.